రెండు కుర్చీల కాక్‌పిట్

మంగళవారం రాత్రి, సూలూరు

వచ్చే వారం చెన్నైలో సిమ్యులేటర్ టెస్ట్. మొన్న అక్కడి ప్రాక్టీసులో టేకాఫ్ అయిన వెంటనే ఎడమ ఇంజన్ ఆగిపోయింది. దాని లివర్ మూసేయాలి, నా చెయ్యి మాత్రం కుడి ఇంజన్ లివర్ మీదికి పోయింది. పక్క సీట్లో ఉన్న కార్తిక్ "కాదు" అనకపోతే బాగున్న ఇంజన్‌ను నేనే ఆపేసి ఉండేదాన్ని. అది మనసులోంచి పోవడం లేదు.

సాయంత్రం కాక్‌పిట్ పోస్టర్ గోడకంటించి, రెండు కుర్చీలు వేసి, మా నైనాను, కన్నతండ్రినే, పక్క పైలట్‌గా కూచోబెట్టుకున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడినా ఆయన చదివింది తమిళమే, అందుకే చెప్పాల్సిన మాటలు తమిళ అక్షరాల్లో రాసిచ్చాను: నేను చెయ్యి పెట్టిన లివర్ సరైనదైతే "కన్ఫర్మ్", తప్పైతే "కాదు". మగ్గాల షెడ్డు నించి వచ్చి, మొహం కడుక్కుని, అద్దాలు పెట్టుకుని, టెస్ట్ తనకే అన్నట్టు కూచున్నాడు.

"ఎడమ ఇంజన్ పోయింది" అని ఆ లివర్ మీద చెయ్యి పెడితే "కన్ఫర్మ్" అన్నాడు. రెండోసారి కావాలనే కుడిదాని మీద పెట్టాను. అప్పుడూ "కన్ఫర్మ్"!

"చూడకుండా ఎట్లా అంటావు నైనా?"

"నువ్వు పెడితే సరిగానే ఉంటుంది, కణ్ణు."

నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. రేపు నిజం విమానంలో పక్కనున్నవాళ్ళు కూడా ఇట్లాగే నమ్మేస్తే?

"నన్ను నమ్మొద్దు నైనా. నా చెయ్యి చూడు."

మొహం చిన్నబోయింది పాపం. అయినా మళ్ళీ మొదలుపెట్టాము. తప్పు లివర్ మీద చెయ్యి పెట్టి ఆగాను. నైనా వంగి చూశాడు. అద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"కాదమ్మా... పక్కది" అన్నాడు చివరికి, చాలా మెల్లిగా.

పైలట్ అవుతానంటే చుట్టాలంతా వద్దన్నా ఈయన వద్దనలేదు. నాకు తెలిసి నైనా నన్ను కాదనడం ఇదే మొదటిసారి.

రేపు ఇంకొంచెం గట్టిగా చెప్పమనాలి.