రెండు వేళ్ల ఎత్తు

మార్చి తొమ్మిది, ఆదివారం

మా చిన్నమ్మాయికి మీ నాన్న దీవెనలు. నేను బాగానే ఉన్నాను. బాగా లేనిదల్లా నువ్వు నన్ను ఇరికించిన ఆ పనే.

లైబ్రరీ హాల్లో ప్రతి శనివారం ఎవరికి వచ్చిన పని వాళ్లు నలుగురికీ నేర్పాలి, తామూ ఏదో ఒకటి నేర్చుకోవాలి అంటూ నన్ను అడగకుండానే నా పేరు రాయించావు. యాభై ఏళ్లు చెప్పులు కుట్టినవాణ్ణి, ఈ వయసులో నాకు ఒకరు నేర్పేదేమిటే? పక్క బల్ల దర్జీ ప్రతి వంకర కుట్టుకీ భలే భలే అంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. వంకరని వంకర అనకపోతే అది తిన్నగా ఎప్పుడవుతుంది?

నా దగ్గర చేరింది ఒక్కతే, మన వీధిలో ఉత్తరాలు పంచే అమ్మాయి. చేతికి మూడు చోట్ల సూది దింపుకుని, నాలుగు శనివారాలకి ఒక చెప్పు చేసింది. ఒక్కటే, ఎడమది. మడమ రెండు వేళ్ల ఎత్తు. ఎవరికమ్మా ఇది అన్నాను. ముందు కుట్టు చూడు బాబాయ్, తర్వాత చెబుతా అని నవ్వింది. చూశాను. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు గుంటలో వేసి నడిచేవాడికా అని అందరికీ వినపడేలా అన్నాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. కుట్టు వదులుగా ఉందని మడమని చర్రున పీకేశాను. మా గురువు నాకు అలాగే నేర్పాడు, నేనేం చచ్చిపోలేదు. ఆమె ఆ చెప్పు నా బల్ల మీదే వదిలేసి, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

రెండు శనివారాలైంది, రాలేదు. ఇదివరకు నీ ఉత్తరం తెస్తే గంట కొట్టి, నేను కాలీడ్చుకుంటూ తలుపు దాకా వచ్చేవరకూ నిలబడేది. ఇప్పుడు తలుపు సందులోంచి తోసేసి పోతోంది. హాలు చూసుకునే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, కాస్త మెత్తగా చెప్పండి అంది. మెత్తబడాల్సింది తోలు, నేను కాదు అన్నాను. ఇక నేను వెళ్లను. నా పేరు కొట్టేయమని ఆవిడకి నువ్వే చెప్పు.

మళ్లీ నా కాలు సంగతి ఎత్తావు. పుట్టినప్పటి నుంచీ అది పొట్టిదే. దానికీ నాకూ ఏ గొడవా లేదు, మధ్యలో నువ్వు రాకు.

ఇట్లు,
మీ నాన్న

తా.క. ఉత్తరం మడిచాక, పనికొచ్చే తోలు ఉందేమోనని ఆ పీకేసిన చెప్పు తీశాను. లోపలి అట్ట చుట్టూ పెన్సిలు గీత ఉంది, బయటి అంచున చిన్న సొట్ట. ఆ సొట్ట ఎక్కడో చూసినట్టుంది. గుమ్మం బయట విడిచిన నా పాత ఎడమ చెప్పు తెచ్చి దాని మీద పెట్టాను. అరుగుదలతో సహా అతికినట్టు సరిపోయింది. నేను తలుపు దాకా వచ్చేలోపు గీసుకుందన్నమాట.

ఊరందరి పాదాలూ కొలిచాను. నాది ఎప్పుడూ కొలవలేదు.

ఊడిన మడమని తాడుతో కట్టి వేసుకున్నాను. గోడ పట్టుకోకుండా గది ఆ చివరికి నడిచాను. మళ్లీ కుట్టలేదు, అది ఆమె కుట్టాలి. నా పేరు కొట్టేయించకు.

ఈ ఉత్తరం డబ్బాలో వేయను. రేపు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఆమె చేతికే ఇస్తాను. తప్పయిందమ్మా అనడం నాకెవరూ నేర్పలేదు. అది అనకుండా మాత్రం ఇవ్వను. ఇది నీకు చేరిందంటే, అన్నాననే లెక్క.