జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

లలితక్కకు,

మస్కట్ నుంచి నీ చెల్లె సునీత రాస్తున్నది. ముందు నీ అనుమానం తీరుస్తాను. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, చిక్కిపోలేదు. ఇక అక్కడి సంగతి నువ్వు చెప్పు. బావ నడుము నొప్పి తగ్గిందా? అమ్మ మోకాళ్ల మందు మానకుండా వేసుకుంటున్నదా? బాపు మళ్లీ చుట్ట ముట్టుకోలేదు కదా? రోజూ ఫోన్లో మాట్లాడుతూ ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు కుట్టుమిషను మీద ఉంటావు, ఒక చెవి నాకు, ఒక చెవి షెడ్డు మేస్త్రీకి. ఈ సంగతి కుదురుగా చెప్పాల్సింది. మన వైపు మనిషి ఒకాయన వస్తున్నాడు, ఆయన చేతికి ఇస్తున్నాను.

ఇక్కడి ఎండ మన ఎండలాంటిది కాదు. మనది మాడుస్తుంది, ఇది ఉడకబెడుతుంది. బస్సు కోసం పది నిమిషాలు నిలబడితే ఒంటిమీది బట్టలు పిండుకోవచ్చు. గదిలో నాతో ఇద్దరు కేరళ అమ్మాయిలు ఉంటారు, మంచివాళ్లే. వాళ్ల కూరలో కొబ్బరి, నా కూరలో కారం, మధ్యలో పెరుగు గిన్నె. శుక్రవారం సెలవు. ఆ ఒక్క రోజే కొంచెం కష్టం. బట్టలు ఉతికి, తల స్నానం చేసి కూర్చుంటే మీరంతా గుర్తొస్తారు, ఏడుపొస్తుంది. కాసేపు ఏడుస్తాను, తర్వాత అన్నం వండుకుంటాను. దీనికి నువ్వేమీ దిగులు పడొద్దు, నేను బాగానే ఉన్నాను.

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే, కంప్యూటరు పని అని చెప్పి తప్పించుకుంటావని నాకు తెలుసు. ఈసారి సరిగ్గా చెప్పు. మా కంపెనీ దగ్గర ఒక టూల్‌కిట్ ఉంది. అంటే ముందే తయారుచేసి పెట్టిన ముక్కలు. పేరు అడిగే గడి ఒక ముక్క, తేదీ ఎంచుకునే క్యాలెండరు ఒక ముక్క, ఫొటో పెట్టే చోటు ఇంకొకటి. ఆసుపత్రి వాళ్లు యాప్ కావాలన్నా, బడి వాళ్లు అడిగినా అవే ముక్కలు తీసి అతుకుతాం. వాళ్లకు ఇంకేదైనా కావాలంటే దాని మీద కొత్తది చేర్చుతాం. మీ షెడ్డులో కత్తిరించిన ముక్కల కట్టలు వస్తే మీరు లంగాలు కుట్టినట్టే. నాకు మొదటిసారిగా ఇచ్చిన పని, ఒక కట్టడాల కంపెనీలో పనిచేసే కూలీల కోసం సెలవుల యాప్. ఇంటికి పోవాలంటే ఇక ఆఫీసు ముందు వరుసలో నిలబడక్కర్లేదు, ఫోన్లోనే అడగొచ్చు. రెండు నెలల్లో తయారుచేశాను. మా మేడం మెచ్చుకుంది కూడా. నేను గాల్లో తేలాను.

పోయిన నెల, యాప్ ఎలా వాడాలో చూపించడానికి ఆ కూలీలు ఉండే క్యాంపుకు నన్ను పంపారు. అక్కడ సగం మంది మనవాళ్లే అక్కా. కోరుట్ల, మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం. నేను నోరు తెరవగానే ఏ ఊరు బిడ్డా అంటూ చుట్టూ చేరారు. అందులో ఒకాయన మాత్రం చివరిదాకా ఆగి, అందరూ పోయాక దగ్గరికి వచ్చాడు. పేరు గంగారాం, ఇబ్రహీంపట్నం మండలం. యాభై దాటి ఉంటాయి, తాపీ పని. ఫోన్ నా ముందు పెట్టాడు.

"నేను ఇంటికి పోక మూడేండ్లయింది బిడ్డా. గీ ఫోనేమో పోయినేడు పోయచ్చినవ్, సెలవు లేదు అంటున్నది. నేను పోకుండనే నా రోజులు ఎవలు వాడుకున్నరు?"

తొందరేమిటంటే, వాళ్ల అమ్మ చనిపోయి సంవత్సరం కావస్తున్నది. చనిపోయినప్పుడు ఈయన పోలేకపోయాడు, తమ్ముడే అంతా చేశాడట. సంవత్సరీకానికైనా ధర్మపురి వెళ్లి గోదావరిలో మునగాలని ఏడాది నుంచి అనుకుంటున్నాడు. సరిగ్గా పద్నాలుగు రోజులుంది. సూపర్‌వైజరును అడిగితే యాప్‌లో ఏముంటే అదే అన్నాడట. చూస్తానని చెప్పి వచ్చాను, బస్సులో కూర్చున్నా ఆయన ముఖమే కళ్లముందు ఉంది.

మర్నాడు ఆఫీసులో తెరిచి చూస్తే సంగతి తెలిసింది. మా టూల్‌కిట్‌లో ఒక ముక్క ఉంది, ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా కాపలా కాస్తుంది. పాస్‌పోర్టు కొత్తది చేయించుకుంటే నంబరు మారుతుంది కదా, అందుకని అది పేరు, పుట్టినతేదీ చూస్తుంది. రెండూ కలిస్తే ఇద్దరినీ ఒకే మనిషిగా కలిపేస్తుంది. ఆ క్యాంపులోనే ధర్మపురి వైపు గంగారాం ఇంకొకాయన ఉన్నాడు. ఇద్దరి పాస్‌పోర్టులోనూ ఇంటిపేరు లేదు, ఒట్టి గంగారాం. ఇద్దరి పుట్టినతేదీ ఒకే ఏడాది జనవరి ఒకటి. పోయినేడు ఇంటికి పోయింది ఆ గంగారాం.

ఆ ముక్కను తెచ్చి పెట్టింది నేనే. ఏ దేశంవాడో పెడితే ఏమో అనుకోవచ్చు, పెట్టింది నేను. మన ఇంట్లో ఆధార్ కార్డులు ఎవరివి చూసినా ఏముంది? బాపుది జనవరి ఒకటి, అమ్మది జనవరి ఒకటి, పెద్దబాపుది జనవరి ఒకటి. ఏ రోజు పుట్టావంటే వానలప్పుడు అనో, పసుపు తవ్వేటప్పుడు అనో చెప్తే, రాసేవాడు జనవరి ఒకటి వేసి పంపించేవాడు. ఊరికి సగం మంది ఒకే రోజు పుట్టారని మనమే నవ్వుకునేవాళ్లం. అంత తెలిసి కూడా, పని చేసేటప్పుడు నాకు ఆ ధ్యాసే రాలేదు. సిగ్గేసింది అక్కా, నిజంగా సిగ్గేసింది.

గంగారాం ఒక్కడి లెక్క చేత్తో దిద్దేసి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు, ఆరు నెలలు చూసి చెప్తామన్నారు. కానీ వెతికితే రాజన్నలు ఇద్దరు, నర్సయ్యలు ఇద్దరు అదే తీరుగా కలిసిపోయి ఉన్నారు. వాళ్లు ఇంకా సెలవు అడగలేదు, అంతే. వెళ్లి మేడంతో తప్పు నాదేనని చెప్పేశాను. ఆమె తిట్టలేదు. మీ ఊళ్లో అందరూ ఒకే రోజు పుడతారా అని రెండుసార్లు అడిగి, దిద్దమంది.

అక్కడ ఇంకో తప్పు చేయబోయాను. తొందరలో ఆ కాపలా ముక్కనే విప్పి మార్చడం మొదలుపెట్టాను. మేడం చూసి చేయి పట్టుకుని ఆపింది. అదే ముక్క ఆసుపత్రి యాప్‌లో, బడి యాప్‌లో కూడా ఉంది, ఇక్కడ కోస్తే అక్కడా తెగుతుందని చెప్పింది. నీకు గుర్తుందా, నా కొలతకు లంగా కావాలని నువ్వు బట్ట మీద పెట్టి గీసుకునే అట్టముక్కను నేను కత్తెరతో కోసేసిన రోజు? నువ్వు చూసుకోకుండా దాన్నే పెట్టి తానంతా కత్తిరించావు, అన్నీ పొట్టివే వచ్చాయి. నువ్వు అమ్మకు నా పేరు చెప్పలేదు, తిట్లన్నీ నువ్వే తిన్నావు. తర్వాత నాకు నేర్పావు, పాత అట్ట మీద కొత్త కాగితం పరిచి వేరే గీత గీసుకోవాలని. ఇక్కడా అదే చేశాను. పాత ముక్కను ముట్టకుండా, దాని మీద నా ముక్క ఒకటి చేర్చాను. పేరు, తేదీ కలిస్తే అది వెంటనే కలిపేయదు. ఊరి పేరు, తల్లి పేరు అడుగుతుంది. అవీ కలిస్తేనే ఒకే మనిషి.

అది తయారుచేయడానికి మూడు రోజులు, పరీక్షించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ వారం నాకు అన్నం సయించలేదు. అయ్యాక నేనే క్యాంపుకు పోయి గంగారాం ఫోన్లో తెరిచాను. ధర్మపురి గంగారాం తన ఊరు, తల్లి పేరు అప్పటికే ఇచ్చాడు. ఈయన ఊరి పేరు రాశాక, తల్లి పేరు అని గడి వచ్చింది. ఆయన చదువుకోలేదు, చెప్పు నేను రాస్తాను అన్నాను.

"లస్మవ్వ," అన్నాడు. "మా అవ్వ పేరు లస్మవ్వ."

రాశాను. తెర మీద చక్రం తిరిగింది, రెండు లెక్కలు విడిపోయాయి. మూడేండ్ల సెలవు ఆయన పేరు కింద నిలబడింది. మర్నాడే ఒప్పుకున్నారు, టికెట్ కూడా వచ్చింది. ఆయన నాకు దండం పెట్టబోతే నేను చేతులు పట్టుకున్నాను. తప్పు చేసింది నేను, దండం పెట్టేది ఆయనా?

"అవ్వ సచ్చినప్పుడు నేను పోలేదు," అన్నాడు. "గిప్పుడు అవ్వ పేరు చెప్పంగనే తొవ్వ దొరికింది."

ఇప్పుడు నా పని ఖాయమైనట్టే అని మేడం అంటున్నది, కాగితం ఇంకా చేతికి రాలేదు, అందాకా ఎవరికీ చెప్పకు. ఆయనతో రెండు చీరలు, పిల్లలకు ఖర్జూరాలు పంపుతున్నాను. ఆయన తిరిగి వచ్చేటప్పుడు పుంటికూర తొక్కు ఒక డబ్బా, మన పసుపు కొంచెం పంపు. కారం తగ్గించకు. ఇంకో సంగతి, నేను నిజంగా ఏ రోజు పుట్టానో అమ్మను అడుగు. తేదీ అక్కర్లేదు, వానో ఎండో, చేలో ఏ పని నడుస్తున్నదో, ఆమెకు గుర్తున్నది చెప్తే చాలు.

అమ్మకు, బాపుకు నా దండాలు. బావను అడిగానని చెప్పు. పెద్దలందరి దీవెన నా మీద ఉండాలి, నీది అందరికంటే ముందు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషే గంగారాం. కూర్చోబెట్టి చాయ్ పోసి, ఉన్నదేదో తినిపించు. ఆలస్యంగా తెచ్చాడని ఏమీ అనకు. ముందు ధర్మపురి పోయి పని పూర్తి చేసుకున్నాకే సిరిసిల్లలో మీ ఇంటికి రావాలని నేనే ఆయన దగ్గర ఒట్టు వేయించుకున్నాను. అక్కా, ఇది నీ చేతికి వచ్చిందంటే, ఆయన వాళ్ల అమ్మకు వేళకు అందినట్టే.

నీ చెల్లె,
సునీత