బావిలో కలపని మందు

ప్రొద్దుటూరు, గురువారం రాత్రి

రేపటి క్లాసు ఎప్పుడెప్పుడా అని ఉంది. ముద్దనూరు బడిలో ఇవాళ పదో తరగతి మహేశ్వరి అడిగింది: "మేడమ్, అణుబాంబులు దాచుకున్నోళ్ళే విషవాయువు కూడదని సంతకాలు పెట్టినారంట. సంపేదానికి రెండూ ఒకటే గదా?" రేపు చెప్తానన్నాను.

రాత్రి భోంచేస్తూ మామగారిని అడిగాను. వయసులో ఉన్నప్పుడు తొండూరు దగ్గర ఫ్యాక్షన్ గొడవల్లో ఆయన నాటుబాంబులు విసిరినవారే.

"బాంబులేసినాం గానీ ఎదుటోళ్ళ బాయిలో పురుగులమందు కలపలేదమ్మా," అన్నారు.

"పాపమనా మామా?"

"ఆ బాయి నీళ్ళే మా గొర్రెలూ తాగుతాండె. మేము ఆడ కలిపితే వాళ్ళు మా బాయిలో కలుపుతారు. ఆ భయం ఇద్దరికీ ఉండె."

మహేశ్వరి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. గాలి తిరిగితే విషవాయువు వదిలినవాడి మీదికే వస్తుంది, శత్రువూ అదే వదులుతాడు. అందుకే సైన్యాలు దాన్ని వదులుకున్నాయి. అణుబాంబు మాత్రం వాడకపోయినా బెదిరించడానికి పనికొస్తుందని ఉంచుకున్నాయి. పుస్తకం తెచ్చుకుని ఎడంచేత్తోనే గబగబా రాసుకున్నాను.

"ఎవరికీ ఆ ఆలోచనే రాలేదా మామా?" ఉండబట్టలేక అడిగాను.

ఆయన కంచం పక్కకు జరిపారు. "నాకే వచ్చింది. పురుగులమందు డబ్బా తీసుకొని పోయినా. వాళ్ళ పిల్ల ఒకతి ఆడ కడవ నింపుకుంటాండె. 'దప్పికా మామా, చేది పోస్తా' అనింది. తిరిగొచ్చేసినా."

ఆ పిల్ల సంగతి ఏ ఒప్పందంలోనూ ఉండదు. రేపు ముందు ఆమె గురించే చెప్పాలి. డబ్బా పట్టుకుపోయింది మా మామగారేనని చెప్పాలా వద్దా అన్నదే తేలడం లేదు.