తాబేలు గీతకు పైన

ఫిబ్రవరి 2
మళ్లీ పడవ ఎక్కాను. లోకనాథం పోయాక ఇదే మొదటిసారి. పోయాక అని రాసేశాను... ఏటి మొగలో మా ఆయన పడవ తిరగబడ్డాక, అని రాయాలి. పడవ దొరికింది. తెడ్డు దొరికింది. మనిషి దొరకలేదు.

ఇంజను మరిది కామేసు పట్టుకున్నాడు. బరంపురం నుంచి వచ్చినవాళ్లకు దిబ్బంతా తిప్పి చూపించే పని నాది. ఆయన పని. దిగీ దిగగానే ఒకావిడ, "చూడ్డానికి ఏమున్నాది ఇక్కడ? అంతా ఇసకే కదా?" అంది. ఒళ్లు మండింది. నవ్వాను.

ఫిబ్రవరి 3
నిజమే, ఇసుకే. ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం, నడుమ కనుచూపు మేర ఇసుక. ఆయన మాత్రం దాన్ని సొంత ఇల్లులా చూపించేవాడు. ముందు మొగలి పొదలు, ఆ తర్వాత సరుగుడు తోపు, తోపు వెనక చెలమ. చేత్తో తవ్వితే చాలు, పక్కనే ఉప్పు సముద్రం ఉన్నా మంచినీళ్లు ఊరతాయి. "తాగండి బాబూ, సెరుకు రసం!" అనేవాడు. కోతలరాయుడు.

ఇవాళ నేను తవ్వాను. నీళ్లు వచ్చాయి. అందరూ తాగారు. నేను తాగలేదు.

ఫిబ్రవరి 5
ఎర్ర పీతలు. దూరం నుంచి కుంకుమ ఆరబోసినట్టు ఉంటాయి, అడుగు వేస్తే మాయం. "కదలకండ కూకోండి. అయ్యే వస్తాయి" — ఆయన మాట. అదే చెప్పి నేనూ కూర్చున్నాను. పీతలు వచ్చాయి.

ఫిబ్రవరి 6
"మొగ చూపించరా? ఏరు సముద్రంలో కలిసే చోటు?"
అలలు బాలేవని చెప్పాను. బాగానే ఉన్నాయి. కామేసు తల తిప్పుకున్నాడు.

ఫిబ్రవరి 8
అత్త మొదలుపెట్టింది. ఆ మాట ఎప్పటికైనా వస్తుందని తెలుసు, ఇవాళ వచ్చింది.
"ఏటి పిల్లా, ఆడికి దారి ఇయ్యవా? ఇసక మనిసిని సేసి, ఆడి సొక్కా తొడిగి, అలకి ఒప్పసెప్పాల. సోటు పెళ్లామే సూపించాల. మన కాడ ఎవులు దొరక్కపోయినా అలగే సేసినారు."
అల వచ్చి ఇసుక మనిషిని తీసుకుపోతే కర్మ అయినట్టు. అదయ్యాక నా గాజులు తీస్తారు.
చూద్దాం అన్నాను.
"ఏటి సూద్దం? నాకు కల్లోకి వస్తన్నాడు. తడి బట్టల్తో గుమ్మం కాడ నిలబడతన్నాడు. లోపలికి రాడు, ఎల్లిపోడు."
తల్లికి వస్తాడు. నాకు రాడు. దానికీ కోపం వచ్చింది నాకు.

ఫిబ్రవరి 9
గాలి. పడవ లేదు. ఆయన చొక్కాలు ఉతికాను, ఉతికినవే.

ఫిబ్రవరి 12
తాబేళ్లు వచ్చి వెళ్లాయి. పొద్దున్నే చూస్తే ఇసుక మీద ట్రాక్టరు తిరిగినట్టు చారలు. అన్నీ పైకి పాకి ఒకే వరసలో ఆగాయి. గుడ్లు అక్కడే. ఆ వరసకు తాబేలు గీత అని ఆయనే పేరు పెట్టాడు. "ఈ గీత పైకి అల రాదు బాబూ. గుడ్డు తడిస్తే పిల్ల బతకదు కదా, తల్లికి తెల్దేటి?"
అదే మాట నేనూ ఇవాళ వచ్చినవాళ్లకు చెబుతున్నాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఒక ఆలోచన. ఇక్కడ కూడా రాయను.

సాయంత్రం అత్తతో, సరే చేద్దాం అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుంది.

ఫిబ్రవరి 15
అయింది. కాలేదు.
అందరూ అల అంచున నిలబడ్డారు. కులపెద్ద అడిగాడు: "ఎక్కడమ్మా?" నేను వెనక్కి తిరిగి పైకి నడిచాను. తాబేలు గీత దాటి, ఇంకా పైకి.
"ఇక్కడ."
"ఇంత పైకేటమ్మా?"
"నన్నే చూపించమన్నారు. చూపించాను."
చోటు పెళ్లానిది. అందరూ పైకే నడిచి వచ్చారు. అత్త కూడా.

కామేసు ఇసుక పోసి మనిషిని చేశాడు. భుజాలు సమానంగా పెడితే నేను సరిచేశాను. ఎడమ భుజం కాస్త వాలి ఉండాలి, ఆయనది అలాగే ఉండేది. నీలం గళ్ల చొక్కా. బొత్తాలు నేనే పెట్టాను.

ఫిబ్రవరి 16
అల రాలేదు.

ఫిబ్రవరి 17
రాలేదు. గాజులు ఉన్నాయి.

ఫిబ్రవరి 20
ఇవాళ వచ్చినవాళ్లు బట్టల కొట్టువాళ్లు, ఒకే కుటుంబం. నన్ను దాటుకుని ఇసుక మనిషి దగ్గరికి పరుగెత్తారు.
"ఎంత బావున్నాదో సూడు! పూరీ బీచిలో సేస్తారు, అలాగే!"
ఫోన్లు తీశారు. ఒకాయన పక్కన పడుకుని ఫొటో తీయించుకున్నాడు. కామేసు పిడికిలి బిగించాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వాళ్లకేం తెలుసు?
"ఎవరు సేసినారమ్మా?"
"మేమే."
"సొక్కా కూడా తొడిగినారే! ఎవరిది బొమ్మ?"
"ఈ దిబ్బ చూపించే ఆయనది."
"ఆయనేడీ? రాలేదా ఇవాళ?"
రాలేదన్నాను.

పడవలో ఏడవలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. చెలమ, పీతలు, తాబేలు గీత, లోకనాథం. దిబ్బ మీద చూడాల్సిన వాటిలో కలిసిపోయాడు మనిషి.

ఫిబ్రవరి 22
గాలికి ముక్కు రాలిపోయింది. తడి ఇసుకతో మళ్లీ పెట్టాను. కుదరలేదు. చెరిపి మళ్లీ పెట్టాను. ఆయన ముక్కు ఎలా ఉండేది? ఇన్నేళ్లు పక్కనే పడుకున్నదాన్ని, ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. చచ్చేంత భయం వేసింది.

ఫిబ్రవరి 23
అత్త మోకాళ్ల నొప్పితోనే దిబ్బకు వచ్చింది. ఆయన తల దగ్గర కూలబడింది.
"ముక్కు ఇలగ కాదే. నా బిడ్డది ఇలగ కాదు."
తనే దిద్దింది, రెండు వేళ్లతో. అదే. అదే ముక్కు. నాకు ఏడుపు ఆగలేదు.
తర్వాత నెమ్మదిగా అంది: "గీత పైన ఎట్టించినావని ఆ దినమే తెల్సు నాకు. తాబేలు గీత మాట ఆడు నాకూ సెప్పినాడు."
నేను చొక్కా మీది ఇసుక దులిపాను.
"పంపడం నాకు మాత్రం ఇట్టమేటి? కానీ తడి బట్టల్తో ఎన్నాల్లు నిలబడతాడే? నువ్వు సూడ్లేదు. నాను సూస్తన్నాను." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "రేపు పున్నమి పోటు. అల రాకపోతే కుండతో నువ్వే నీల్లు పొయ్యాల. నాను పొయ్యలేను, తల్లిని."

ఫిబ్రవరి 24
దిబ్బ మీదే రాస్తున్నాను. కామేసు నన్ను దింపి, పడవ దగ్గరే ఉండిపోయాడు. కుండ పక్కన పెట్టుకున్నాను. నింపలేదు.

పోటు ఎక్కుతోంది. ఇందాక నురగ తాబేలు గీత దాకా వచ్చి వెనక్కి పోయింది. తాబేలు కూడా తప్పుతుందా? ఈ మాట ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

అలకూ ఆయనకూ మధ్య కూర్చున్నాను. కదలకుండా.
ముక్కు బాగా వచ్చింది. అత్త చెయ్యి.

ఇంకో అల. గీత దాటింది. నా పాదాలు తడిశాయి. ఆయనవి ఇంకా తడవలేదు.