పాత గ్రీజులో ఇసుక

మావయ్యకు మీ మేనకోడలి నమస్కారం.

ఈ ఉదయం హాస్టల్లో చెప్పులు దులిపితే కళింగపట్నం ఇసుక ఇంకా రాలింది. మొన్న సెలవులకు నేనక్కడికి వచ్చిన రోజు ఒడ్డున మీరు, మీ పడవ ఇంజిను చూసే వినోద్‌ను అందరి ముందూ, "ఒరే, దొంగ బేరింగేసి నా ఇంజిను సంపేసినావురా! మరి నా పడవెక్కకు" అన్నారు. అతను తల వంచుకున్నాడు. అప్పుడు నా దగ్గర రుజువు లేదు, ఇప్పుడుంది. అందుకే రాస్తున్నాను.

మీరు విసిరేసిన బేరింగును విజయనగరం తెచ్చుకున్నాను. గ్రీజులో ఇసుక రేణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్లో నడిపి చూడడమే ఇక్కడ నా చదువు. మీ గ్రీజునూ అలాగే చూశాను. పాతదాని మీద కొత్తది కూరితే ఇసుక బయటికి రావడం లేదు. లోపలికి, బేరింగు గుండ్ల దగ్గరికే పోయి ఇనుమును గీరేస్తోంది. బేరింగు మంచిదే.

"ఏటకెళ్లే ముందు పడవలో ఏటీ తుడవకూడదు" అని పాత గ్రీజును ఉంచేసేది మీరే కదా. వేట నుంచి తిరిగి వచ్చాక తుడవండి, మీ ఆనవాయితీకీ భంగం రాదు. వినోద్‌ను మళ్లీ పిలవండి.

ఇది రాయమని అతను నన్ను అడగలేదు. అతన్నే పెళ్లి చేసుకుంటానని నిన్న అమ్మకు చెప్పాను.