మరగతం వీపు మీది మచ్చ

పుదుచ్చేరి, 1913 ఆడి నెల

సైగోనులో ఉండే చిరంజీవి తమ్ముడు సుబ్బరాయలుకు అక్క తిలగం దీవించి రాసేది. ఇక్కడ నేనూ పిల్లోళ్లూ తిని తిరుగుతుండాము. నీ ఒళ్లు బాగుండాలని దేవుణ్ణి అడుగుతుండాను. మరగతం సంగతి కింద రాస్తాను.

ఇంటి కప్పు సంగతి అడిగినావు. వానలకు ముందే పెంకులు మార్పించినాము. నీ పెండ్లాం మరగతాన్ని ఓడ ఎందుకు ఎక్కించలేదని మూడు జాబుల్లో అడిగితివి. జొరమని రాసినాను. అది అబద్ధం.

ఓడ ఎక్కే ఆడోళ్ల ఒళ్లు చూసేటప్పుడు దొర డాక్టరు పక్కన నిలబడేది నేనే కదా. పదేండ్లుగా చూస్తా ఉండాను. గుండ్రంగా అంచు ఉబ్బి నడుమ తేటగా ఉంటే తామర. వేళ్ల సందుల్లో పొక్కులు లేచి, గోకి గోకి పుండ్లు పడితే గజ్జి. గీరితే పొట్టు రాలేది శోభి. పాల మాదిరి తెల్లనయితే బొల్లి, దానికి భయం లేదు.

మరగతం రవిక విప్పితే వీపున కుడి రెక్క కింద బొటనవేలంత మచ్చ. పాలిపోయి, కొంచెం ఎర్రగా ఉండింది. "శోభేనా?" అన్నాడు దొర. అవునంటే ఆ పిల్ల నీ దగ్గరికి వచ్చేసుండును. గీరి చూసినాను. పొట్టు లేదు, వెంట్రుక లేదు, చెమట లేదు. కోడి ఈకతో తాకినాను.

"మరగతం, యాడ తాకినాను?"

"ఇంకా తాకనే లేదు కదా వొదినా," అనింది నవ్వతా.

కుష్టు, పెద్దరోగమని దొరకు నేనే చెప్పినాను.

ఇప్పుడు పెరటి గదిలో ఉంది. దొర ఇచ్చిన చేదు నూనె తాగి కక్కుకుంటా ఉంది. "ఆయనకు రాయొద్దు వొదినా, ఇంకో పెండ్లి చేసుకుంటాడు" అని నా చేయి పట్టుకొని ఏడ్చింది. అందుకే దాచినాను.

ఇంక దాచలేను. పోయిన జాబు చివర నవ్వులాటకు రాసినావే, చుట్ట వేళ్ల దాకా కాలినా తెలియలేదని, పక్కవాడు కమురు వాసనకు అరిచినాడని. ఆ మాట మరగతానికి చదవలేదు. నేను మాత్రం నాలుగు తూర్లు చదువుకున్నాను.

కోపముంటే నన్ను తిట్టు. ముందు చొక్కా విప్పి ఎవురికైనా ఒళ్లంతా చూపించు. నువ్వు కండ్లు మూసుకొని, వాళ్లను ఈకతో తాకమను. తెలియని చోటుంటే సిగ్గుపడక ఆడుండే డాక్టరు దగ్గరికి పో నాయనా.

"ఏంది వొదినా, ఆయనకు అంత పొడుగు రాస్తుండావు?" అని మరగతం గదిలోనుంచే అడగతా ఉంది. ఇంటి కప్పు సంగతి అని చెప్పినాను.

ఇట్లు,
నీ అక్క
తిలగం