పెద్ద కత్తెర పంపకం

వీధిలో అందరూ కత్తెరమ్మ అని పిలిచే నేను, వయసు డెబ్భై తొమ్మిది, వృత్తి దర్జీ పని, నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వచ్చిన డాక్టరు గారు ఇవాళ ఏ వారమని అడిగారు. సోమవారమని చెప్పాను. ఆయన చొక్కా ఎడమ భుజం అర అంగుళం జారిందని కూడా చెప్పాను. వెంటనే సర్టిఫికెట్ రాసిచ్చారు.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే అవన్నీ ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత గుండీల కొట్టు ఆయనది. మా ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి ఆయనొక్కడే.

1. కొట్టులోని నిలువుటద్దం మా తమ్ముడికి చెందవలెను. నడుము ముప్పై నాలుగు దాటలేదంటూ పాతికేళ్ళుగా ప్యాంట్లు కుట్టించుకుని, బిగుతైతే నన్ను తిట్టాడు. ఇక అద్దాన్ని తిట్టుకోవచ్చు.

2. ఇస్త్రీ పెట్టె మా అల్లుడికి. "ఈ రోజుల్లో బట్టలు కుట్టించుకునేదెవరు అత్తయ్యా" అని నేను కుట్టిన కోటు వేసుకునే అన్నాడు. మనిషి మంచివాడే. నా మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి రోజూ నన్ను మేడ మీదికి ఎత్తుకెళ్ళేది అతనే. ఆ మాట ఎక్కడా రాయకపోతే తప్పవుతుంది కాబట్టి రాస్తున్నాను.

3. కొట్టు, అందులోని మూడు మిషన్లు, మేడ మీది రెండు గదులు నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందవలెను. ఇందులో గొడవేమీ లేదు. గొడవంతా పెద్ద కత్తెరతోనే.

4. మా కొట్టులో పెద్ద కత్తెర ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే గుడ్డ కత్తిరిస్తారు, మిగతావాళ్ళు కుడతారు. ఇది మా అమ్మ పెట్టిన నియమం. "నువ్వింకా చిన్నదానివి, ముందు కాజాలు సరిగ్గా కుట్టు" అంటూ నాకు నలభై ఒకటి వచ్చేదాకా ఇవ్వలేదు. ఆవిడ మీద పళ్ళు నూరుకుంటూ బతికాను. కత్తెర చేతికొచ్చాక నా కూతురితో అదే మాట అన్నాను. దానికిప్పుడు యాభై రెండు. ఇంకా నేను కత్తిరించిందే కుడుతోంది. పోయిన వారం అది తన కూతురితో అచ్చం అదే మాట అంది. మనవరాలికి ఇరవై ఆరు. నెలాఖరులోగా కటింగ్ చేయనివ్వకపోతే రెడీమేడ్ ఫ్యాక్టరీలో చేరిపోతానంది. "పో, ఎవరాపారు? నాకే ఇంతవరకూ దిక్కులేదు" అంది తల్లి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

5. తరానికీ తరానికీ తేడా ఫోన్లలో, పాటల్లో, జుట్టులో ఉందంటారు. వట్టి మాట. నేను టేపు పట్టను, కంటితోనే కొలుస్తాను. బయటివాళ్ళ కొలత ఒక్కసారి కూడా తప్పలేదు. నా కూతురికి యాభై నిండిన రోజున కోటు కుట్టి ఇస్తే అది భుజాలు దాటలేదు. "ఇది నా పద్నాలుగో ఏట సరిపోయేదమ్మా" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. కన్నపిల్ల కొలత మనం ఒక్కసారే తీసుకుంటాం. తర్వాత ఎన్నేళ్ళొచ్చినా ఆ కొలతకే కుడుతూ, బిగుతైందంటే పిల్లదే తప్పంటాం. తేడా అంటే అదే.

6. కత్తెర నేరుగా మనవరాలికి రాసెయ్యమని మా తమ్ముడి సలహా. అలా చేస్తే నా కూతురికి ఈ జన్మలో వంతు రాదు. కాబట్టి పెద్ద కత్తెర నా కూతురికే. నేను పోయాక కాదు, ఇవాళే. వీలునామా చచ్చాకే అమలవుతుందని గుండీల కొట్టు ఆయన చట్టం చెప్పాడు. ఆ చట్టాన్ని గుండీల డబ్బాలో దాచుకోమన్నాను. ఒక్క కత్తెర నియమం కూడా నేటితో రద్దు. మనవరాలికి రెండోది కొనివ్వవలెను. కాజాల మాట ఇక ఈ కొట్టులో ఎవరూ ఎత్తకూడదు.

7. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి మొదట కత్తిరించవలసింది నాకో గౌను. గుడ్డ బల్ల మీద పెట్టించాను. అమ్మలూ, కంటితో కొలవకండి, టేపు పెట్టండి. మీ కళ్ళకి నేనింకా పెద్దగానే కనపడతాను. నేను చాలా చిన్నదాన్నయిపోయాను.

తేదీ: మార్చి పదకొండు, సోమవారం
(సంతకం) కత్తెరమ్మ

సాక్షులు:
1. డాక్టరు గారు
2. పక్క కొట్టు తాళాల మేస్త్రి